నల్లుల మీద దండయాత్ర

"రూమ్ కావాలా సార్?"

రిసెప్షన్ బల్ల వెనకనుంచి లేచి నిలబడి మరీ అడిగింది మేనేజర్. ఎవరొచ్చినా లేచి నిలబడే అలవాటు ఆమెకు లేదు. కానీ ఎదురుగా ఉన్న మనిషిని చూస్తే ఎవరికైనా లేవాలనే అనిపిస్తుంది. తెల్లటి యూనిఫామ్, భుజాల మీద బంగారు రంగు పట్టీలు, నెత్తిన టోపీ, చేతులకు గ్లోవ్స్, మొహం చూసుకునేంతగా మెరుస్తున్న బూట్లు. ఏదో పెద్ద ఓడ దిగి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నాడు. ముప్ఫై కూడా నిండినట్టు లేవు. ఇంత చిన్న వయసులో కెప్టెన్ అయ్యాడంటే బుర్ర ఉన్నవాడే అయ్యుంటాడని ఆమె అనుకుంది. కాసేపట్లోనే ఆ అభిప్రాయం మార్చుకుందనుకోండి, అది వేరే సంగతి.

"ఒక్క రూమ్ కాదు మేడమ్. అన్ని రూములూ కావాలి," అన్నాడతను టోపీ సవరించుకుంటూ.

మేనేజర్ కళ్ళు మెరిశాయి. ఉన్నవే పదకొండు గదులు. వాటిలో సగం చదరంగం పోటీలకు వచ్చిన ఆటగాళ్ళతో నిండాయి. మిగతావి కూడా నిండితే ఈ నెల గట్టెక్కినట్టే.

"కొన్నిట్లో గెస్టులున్నారు సార్. ఖాళీ అవగానే ఇస్తాను. ఎన్నాళ్ళుంటారు?"

"చచ్చేదాకా."

"అయ్యో, పొద్దున్నే అవేం మాటలు సార్!"

"నేను కాదండీ. వాళ్ళు."

"ఎవరు? ఎంతమంది వచ్చారసలు?"

"మేం వచ్చింది ఇద్దరమే. నేనూ, మా నాన్నా. వాళ్ళే... వేలల్లో ఉంటారు."

"వేలల్లోనా! అంతమందికి మా దగ్గర చోటు లేదండీ."

"ఉంది మేడమ్. ఒక్క పరుపు కుట్టులో రెండు మూడు కుటుంబాలు సర్దుకుపోతాయి."

మేనేజర్ మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. రంగు మాత్రం దిగిపోయింది.

"మీరు... ఎవరు?"

అతను బూట్లు టక్కున కలిపి సెల్యూట్ కొట్టాడు. "కెప్టెన్ అంటారండీ అందరూ. నల్లుల నిర్మూ..."

"ష్ష్ష్!"

ఆమె బల్ల మీదుగా వంగి, చేతిలో ఉన్న రసీదు పుస్తకంతో అతని నోరు మూసేసింది. హాల్లో సోఫాల దగ్గర నలుగురు ఆటగాళ్ళు బోర్డు మీద కళ్ళు పెట్టి కూర్చున్నారు. అదృష్టం, ఎవరూ తలెత్తలేదు.

"నెమ్మదిగా మాట్లాడండి! ఎవరు పిలిచారు మిమ్మల్ని?"

"పెద్దమ్మగారట. ఫోన్ చేశారు," అన్నాడు పుస్తకం వెనకనుంచి.

"మా పెద్దమ్మా!" మేనేజర్ పళ్ళు కొరుక్కుంది. "చూడండీ, పని చేద్దురుగాని. కానీ ఇలా కాదు. ఈ డ్రెస్సు విప్పేసి, మామూలు బట్టల్లో, వెనక గుమ్మంలోంచి రండి. మూడోకంటికి తెలియకూడదు."

వెనక గుమ్మం అనగానే అతని మొహం మారింది.

"మేం వెనక గుమ్మంలోంచి రామండీ. అది మా కంపెనీ రూల్," అన్నాడు. తర్వాత గోడ గడియారం చూసి, ఒక్కసారిగా కంగారుపడ్డాడు. "అయ్యయ్యో!"

"ఏమైంది?"

"నేను లోపలికెళ్ళిన ఐదు నిమిషాలకి స్పీకర్ ఆన్ చెయ్యమని నాన్నకి చెప్పానండీ!"

అతను వాకిలి వైపు పరిగెత్తాడు. ఆలస్యమైపోయింది. బయట ఆగి ఉన్న వ్యాన్ మీదనుంచి ముందు బాకా మోగింది. తర్వాత ముందే రికార్డు చేసిపెట్టిన కెప్టెన్ గొంతే, పదిరెట్లు పెద్దదై వీధంతా పరుచుకుంది.

"ఈ భవనంలో దాక్కున్న నల్లులారా! మిమ్మల్ని నాలుగువైపులా చుట్టుముట్టాం! తప్పించుకునే దారి లేదు! మంచం సందుల్లోంచి, పరుపు కుట్లలోంచి, గోడ పగుళ్ళలోంచి మర్యాదగా బయటికి రండి! కాళ్ళు పైకెత్తండి! ఆరూ పైకెత్తండి!"

హాల్లో ఒక ఆటగాడు తలెత్తాడు. మెల్లగా మోచెయ్యి గోక్కున్నాడు. పక్కవాడు మెడ గోక్కున్నాడు. అంతే, అందరూ మొదలుపెట్టారు. గుర్రం ఎటు వెళ్ళాలో ఏనుగు ఎటు వెళ్ళాలో ఎవరికీ పట్టలేదు. ఎవరు ఎటు వెళ్ళాలో మాత్రం అందరికీ తెలిసిపోయింది. కాఫీ చల్లారేలోపు సూట్‌కేసులన్నీ మెట్లు దిగాయి.

చివరికి మిగిలింది ఆరో నంబర్ అంకుల్ ఒక్కడే. ఉద్యోగం మానేసినప్పటి నుంచి ఆయన ఆ గదిలోనే ఉంటున్నాడు, కాబట్టి వెళ్ళడానికి ఆయనకు వేరే చోటు లేదు.

"అమ్మాయ్," అన్నాడాయన మెట్ల మీద నిలబడి, చాలా తృప్తిగా. "నన్ను కుడుతున్నవి నల్లులని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నా. నువ్వేమో దోమలన్నావు."

మేనేజర్ నేరుగా కెప్టెన్ దగ్గరికి వెళ్ళి, వేలు వీధి వైపు చూపించింది.

"బయటికి."

"మేడమ్, పని మాత్రం చాలా బాగా చేస్తా..."

"ఆరు కాళ్ళూ పైకెత్తి మరీ బయటికి!"

ఆ రోజంతా ఆమె పెద్దమ్మతో మాట్లాడలేదు. పెద్దమ్మే మాట్లాడింది. మోకాళ్ళ నొప్పులవల్ల రిసెప్షన్ వెనక గదిలోంచి ఆమె ఎక్కువగా కదలదు. కిటికీ, ఫోనూ, గొంతూ మాత్రం బాగానే పనిచేస్తాయి.

"నాదేం తప్పే? ఆ వ్యాన్ మీద అక్షరాలు ఎంతెంత ఉన్నాయో తెలుసా? కళ్ళజోడు లేకుండా చదివాను. చదవగలిగిన నంబరుకే కదా ఫోన్ చేస్తాను!"

"పెద్దమ్మా, ఇప్పుడు ఊళ్ళో మన పేరెత్తితే గోక్కుంటున్నారు."

ఆ లాడ్జి పెద్దనాన్న కట్టించింది. ఆయన పోయాక చదువు పూర్తయిన మేనేజర్ వచ్చి పెద్దమ్మకు తోడుగా ఉండిపోయింది. గెస్టులు రాకపోతే ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. పక్కన ఇనప సామాన్ల వ్యాపారి ఆ భవనాన్ని గోడౌన్‌కి ఇవ్వమని కనపడినప్పుడల్లా అడుగుతున్నాడు.

"ముందు ఆ పురుగుల సంగతి చూడు," అంది పెద్దమ్మ. "ఈసారి నువ్వే పిలు. మూగవాణ్ణి పిలు."

ఆ మూగవాడి నంబర్ ఆరో నంబర్ అంకుల్ ఇచ్చాడు. "పాత మనిషి. వచ్చినట్టూ తెలియదు, వెళ్ళినట్టూ తెలియదు. మా ఆఫీసు క్వార్టర్స్‌లో అందరిళ్ళకీ ఆయనే వచ్చేవాడు. ఎవరింటికి వచ్చాడో ఇంకొకరికి చెప్పేవాడు కాదు."

మర్నాడు వెనక గుమ్మం తలుపు ఎవరో చిన్నగా తట్టారు. వెలిసిన నీలం చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన. ఆయన వెనక ఆవిరి మిషన్ మోస్తూ ఒక పొడవాటి అసిస్టెంట్. నెత్తికి గుడ్డ, కళ్ళకు పెద్ద అద్దాలు, ముక్కూ నోరూ కప్పేస్తూ మాస్కు. మొత్తం మనిషిలో చెవులు మాత్రమే బయటున్నాయి.

"ఇతనికి మాటలు రావా?" అని అడిగింది మేనేజర్, నమస్కారానికి జవాబు రాకపోయేసరికి.

పెద్దాయన అసిస్టెంట్ వైపు ఒక చూపు చూశాడు. "వస్తాయమ్మా. కాస్త ఎక్కువే వస్తాయి. ఇక్కడ మాత్రం రావు."

పని మొదలైంది. ఒక్కో గదిలో మంచం విప్పి, కోళ్ళ సందుల్లోకి, పరుపు కుట్లలోకి, గోడ పగుళ్ళలోకి సలసల కాగే ఆవిరి పట్టాలి. దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉడకబెట్టాలి. పనివాళ్ళు ఇద్దరూ సెలవు పెట్టి పారిపోవడంతో మేనేజర్ తనే పరుపులకు ఒక చెయ్యి వేసింది. అవతలి చెయ్యి అసిస్టెంట్‌ది. పెద్దాయన ఒక గదిలో ఉంటే వీళ్ళిద్దరూ ఇంకో గదిలో.

మాట్లాడని మనిషి పక్కన ఉంటే ఎదుటివాళ్ళకు మాటలు ఊరతాయి కాబోలు. మేనేజర్ మనసులో ఉన్నదంతా బయటపెట్టింది.

"ఆ కెప్టెన్ ఉన్నాడే, అతనికి సిగ్గుండాలండీ. ఆ టోపీ ఏమిటి, ఆ బూట్లేమిటి! సర్కస్‌లోంచి తప్పించుకొచ్చినట్టు!"

అసిస్టెంట్ తలూపాడు.

"నల్లుల్ని చంపడానికి బాకా ఎందుకండీ? అవి బాకా వింటాయా?"

అసిస్టెంట్ అడ్డంగా తలూపాడు.

"మళ్ళీ ఆరు కాళ్ళూ పైకెత్తాలట..." అంటూ ఆమె కోపంగా మొదలుపెట్టి, మధ్యలో ఎందుకో పరుపు వదిలేసి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వు. "ఆ ముక్క మాత్రం... నిన్న అన్నం తింటుంటే గుర్తొచ్చి పొలమారిందండీ. ఎవరితోనూ అనకండి."

అసిస్టెంట్ ఈసారి మెడ ఊడిపోయేలా తలూపాడు.

పని ముగిసేనాటికి ఆమె అతనికి కాఫీ తనే తెచ్చిచ్చేంత దాకా వచ్చింది. అతను దాన్ని గోడవైపు తిరిగి, మాస్కు ఎత్తి తాగేవాడు. మొహమాటస్థుడని ఆమె అనుకుంది.

"మీరు చాలా మంచివారండీ," అంది చివరి గదిలో, మంచం చట్రం బిగిస్తూ. "ఎదుటి మనిషి చెప్పేది వింటారు. అలా వినేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

అసిస్టెంట్ కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయి. ఆవిరి వల్లే అయ్యుంటుంది.

అలసటగా ఆమె వెనక ఉన్న స్టూల్ మీద కూర్చోబోయింది. దాని మీద ఇంకా ఆవిరి కక్కుతున్న గొట్టం ఉంది.

"జరగండి! వెనక గొట్టం! జరగండి!"

ఆ గొంతుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మేనేజర్ పక్కకు గెంతింది. తర్వాత మెల్లగా ఇటు తిరిగింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. వీధి వీధంతటికీ తెలుసు.

ఆమె వచ్చి మాస్కు కిందికి లాగింది.

"మీరా!"

కెప్టెన్ అలవాటుగా తలూపాడు.

"ఇన్నాళ్ళూ నా చేత మిమ్మల్నే తిట్టించుకుంటూ ఊరుకున్నారా?"

"నేను తిట్టించుకోలేదండీ. మీరే తిట్టారు. నేను ఒప్పుకున్నానంతే."

"ఎందుకొచ్చారసలు? వెనక గుమ్మంలోంచి రాననేది మీ రూలన్నారుగా!"

"ఫోన్ నాన్న తీశాడండీ. చేసింది మనమే, బాగుచెయ్యాల్సిందీ మనమేనన్నాడు. మా నాన్న ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే కాదనలేం."

అతను నెత్తిన గుడ్డ తీసి చేతుల్లో నలిపాడు. మైకు ముందు అంత పేలేవాడు ఒక్క మనిషి ముందు నిలబడేసరికి మాటలు వెతుక్కుంటున్నాడు.

"మా నాన్న జీవితమంతా ఇదే పని చేశాడండీ. ఎక్కడికెళ్ళినా వెనక గుమ్మమే. చిన్నప్పుడోసారి నన్ను బజారుకి తీసుకెళ్ళాడు. ఎదురుగా ఒకాయన వస్తున్నాడు. అంతకు ముందురోజే ఆయనింట్లో మంచాలన్నీ నాన్న బాగుచేశాడు. నాన్న నవ్వి నమస్కారం పెట్టాడు. ఆయన... మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడండీ. ఎవరో తెలియనట్టు. నాన్నేం అనుకోలేదు. నేనే అనుకున్నా. నేను చేస్తే అందరికీ కనపడేలా, వినపడేలా చెయ్యాలని. యూనిఫామ్, వ్యాన్, బాకా... అన్నీ అందుకేనండీ."

మేనేజర్ గొట్టం తీసి ఆవిరి ఆపింది.

"బాగానే ఉంది. మీ నాన్నగారి మర్యాద కోసం మా మర్యాద వీధిలో పెట్టారు. అది ఆలోచించలేదా?"

"లేదండీ," అన్నాడతను నిజాయితీగా.

"మైకు చేతిలో ఉన్నవాళ్ళెవరూ ఆలోచించరు," అంది ఆమె. కానీ గొంతులో మునుపటి వేడి లేదు.

లాడ్జి శుభ్రమైంది. ఒక్క నల్లి కూడా మిగల్లేదు. గెస్టులు మాత్రం రాలేదు.

నల్లులున్నాయన్న మాట ఊరందరికీ వినపడింది. పోయాయన్న మాట ఎవరికీ వినపడలేదు. ఆటోవాళ్ళు కూడా ప్రయాణికుల్ని ఇటు తీసుకురావడం మానేశారు. ఇనప సామాన్ల వ్యాపారి టేపు పట్టుకొచ్చి హాలు వెడల్పు కొలిచి వెళ్ళాడు.

పెద్దమ్మ కెప్టెన్‌కి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి తండ్రినీ కొడుకునీ ముందు గుమ్మంలోంచే రమ్మని చెప్పింది. అందరూ ఆమె గదిలో కూర్చున్నారు.

"నాకో ఐడియా ఉందండీ," అన్నాడు కెప్టెన్, మేనేజర్ వైపు చూడకుండా. "హాలుకి వీధివైపు అంత పెద్ద అద్దం ఉంది కదా. దాని వెనక మంచం వేద్దాం. రాత్రంతా దానిమీద నేను పడుకుంటా. లైట్లు ఆపేస్తాం, నల్లులకి చీకటే ఇష్టం కాబట్టి. పొద్దున్న అందరూ వచ్చి చూసుకోవచ్చు. ఒక్క కాటు కనపడినా నా కంపెనీ మూసేస్తా."

"ససేమిరా," అంది మేనేజర్.

"భలే!" అంది పెద్దమ్మ.

"మేడమ్ ఒప్పుకోకపోతే చెయ్యనండీ," అన్నాడు కెప్టెన్. "ఈసారి అడక్కుండా ఏదీ చెయ్యను."

మేనేజర్ అతని వైపు చూసింది. అతను తల దించుకునే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి ఖాళీగా ఉన్న వీధిని చూసింది. మళ్ళీ అతన్ని చూసింది.

"స్పీకర్ వద్దు."

"వద్దు."

"ఆ టోపీ వద్దు."

"టోపీ కూడానా?"

"వద్దు."

"సరేనండీ."

"బాకా..."

"అర్థమైందండీ."

"బయట బోర్డు రాస్తే చాలు. అది నేనే రాస్తాను."

ఆమె రాసిన బోర్డు సాయంత్రానికి వాకిట్లో నిలబడింది. 'ఈ లాడ్జిలో నల్లులు కాపురమున్న మంచం ఇదే. ఇవాళ రాత్రి కెప్టెన్ దీనిమీద ఒంటరిగా పడుకుంటారు. ఎవరైనా మిగిలి ఉంటే ఇదే ఆఖరి విందు. దయచేసి వరసలో రండి.'

కెప్టెన్ దాన్ని పైకి చదివి నోరెళ్ళబెట్టాడు. "మేడమ్, మీరు మా లైన్లో ఉండాల్సినవారు!"

"నోరు మూసుకుని పడుకోండి," అంది మేనేజర్. బుగ్గలు మాత్రం కాస్త ఎర్రబడ్డాయి.

చీకటి పడుతుండగానే జనం వచ్చారు. పొట్టి చేతుల బనీనూ, నిక్కరూ వేసుకుని కెప్టెన్ మంచం ఎక్కాడు. కాటు పడితే కనపడాలి కదా! పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూశారు. కెప్టెన్ వాళ్ళకు చెయ్యి ఊపాడు. వాళ్ళు ఊపారు. అతను మళ్ళీ ఊపాడు.

"నాటకాలు చాలు, కళ్ళు మూసుకో బాబూ!" అని లోపల్నుంచి పెద్దమ్మ అరిచింది.

లైట్లు ఆరిపోయాయి. నిద్రపోతున్న మనిషిని ఎంతసేపని చూస్తారు? జనం ఆవలిస్తూ ఇళ్ళకు పోయారు.

తెల్లారేసరికి నిన్నటికంటే ఎక్కువమంది వచ్చారు. కెప్టెన్ లేచి కూర్చుని, ఒళ్ళు విరుచుకుని, గెలిచినవాడిలా అద్దం వైపు తిరిగాడు.

బయట గొల్లుమన్నారు.

కుడి బుగ్గ మీద, కంటికి కాస్త కింద, ఎర్రగా గుండ్రంగా ఒక దద్దురు తేలి ఉంది.

"కుట్టింది! కుట్టింది!"

కెప్టెన్ బుగ్గ తడుముకున్నాడు. మొహం పాలిపోయింది. గబగబా వాకిట్లోకి వచ్చి రెండు చేతులూ పైకెత్తాడు. "మహాజనులారా! కంగారు పడకండి! ఇది నల్లి కాటు కాదు! నా మాట నమ్మండి!"

"నీ మాటా? నువ్వు డ్రామాలోడివి!" అన్నారెవరో. అందరూ నవ్వారు. అతను ఇంకేదో చెప్పబోయాడు. ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా నవ్వారు. పక్కన ఇనప సామాన్ల వ్యాపారి జేబులోంచి టేపు తీశాడు.

అప్పుడు మేనేజర్ బయటికి వచ్చింది. అంతమందిని చూసేసరికి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మా లాడ్జిలో నల్లులు ఉండేవి," అంది.

నవ్వులు ఆగిపోయాయి. ఏ లాడ్జివాళ్ళయినా ఆ మాట తమ నోటితో అనడం ఎవరూ వినలేదు.

"చాలా ఉండేవి. నేనే దాచాను. ఆరో నంబర్ అంకుల్‌కి దోమలని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. ఇతనూ, వాళ్ళ నాన్నగారూ వేళ్ళు కాల్చుకుని పనిచేశారు. నేను దగ్గరుండి చూశాను. అతని బుగ్గ మీద కుట్టింది... నిజంగానే దోమ."

"దోమ అద్దంలోంచి దూరిందా?" అని ఒకాయన వెటకారమాడాడు.

"కిటికీలోంచి. కిటికీ తెరిచింది నేనే."

"ఎందుకు తెరిచారు?"

"ఉక్కపోస్తుందని."

"ఎవరికి?"

మేనేజర్ నేల చూపులు చూసింది. "ఆయనకి."

వీధి మొత్తం ఒకేసారి "ఓహో!" అంది. ఆ 'ఓ'కి, 'హో'కి మధ్య చాలా దూరముంది. కెప్టెన్ బుగ్గ మీద దద్దురు కనపడకుండా పోయింది, ఎందుకంటే మిగతా మొహం కూడా అదే రంగుకి తిరిగింది.

"ఈసారి నిజంగా దోమే," అన్నాడు ఆరో నంబర్ అంకుల్ పై మెట్టు మీదనుంచి. "నన్నూ కుట్టింది. తేడా నాకు తెలుసు."

ఇనప సామాన్ల వ్యాపారికి మాత్రం ఇదేమీ నచ్చలేదు. "ఎన్ని చెప్పినా, శుభ్రంగా ఉండేవాళ్ళ ఇళ్ళల్లోకి నల్లులు రావు. అది అందరికీ తెలిసిందే!"

కెప్టెన్ తండ్రి అంతవరకూ వ్యాన్ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ఆ మాట విని తలెత్తాడు. వ్యాపారి వైపు చూసి, చిన్నగా నవ్వి, రెండు చేతులూ జోడించాడు.

"బాగున్నారా అండీ? పిల్లలు హాయిగా నిద్రపోతున్నారా?"

అంతే. ఇంకో మాట అనలేదు. వ్యాపారి టేపు జేబులోకి వెళ్ళిపోయింది. పెద్దాయన చూపు మెల్లగా గుంపు మీదుగా కదిలింది. వరసగా ఒక్కొక్కరూ తమ చెప్పులు ఎలా ఉన్నాయో చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన ఆకాశంలో ఏదో వెతికాడు.

గుంపులోంచి ఒక లావుపాటి ఆవిడ ముందుకొచ్చింది. "నమస్కారమండీ," అంది పెద్దాయనతో, అందరికీ వినపడేలా. "మా ఇంట్లో పోయినేడు ఈయనే చేశారు. చేసినప్పట్నుంచి ఒక్కటి లేదు. చెప్పుకోవడానికి సిగ్గేమిటంట? పురుగులు మనల్ని అడిగి వస్తాయా?"

"నమస్కారమమ్మా," అన్నాడు పెద్దాయన. జోడించిన చేతులు చాలాసేపు దించలేదు. కెప్టెన్ తండ్రి పక్కకొచ్చి నిలబడ్డాడు. మైకు లేదు, మాటా లేదు.

మేనేజర్ తలుపులు రెండూ బార్లా తెరిచింది. "ఎవరైనా లోపలికి రావచ్చు. ఏ గదిలో ఏ పరుపైనా ఎత్తి చూసుకోండి."

జనం నిజంగానే వచ్చారు. పరుపులన్నీ ఎత్తారు, మంచాలు వంచారు, కొందరు అవసరం లేకపోయినా అల్మారాలు కూడా తెరిచారు. ఆరో నంబర్ అంకుల్ ముందు నడుస్తూ ఒక్కో గది చరిత్రా వివరించాడు. ఎవరికీ ఒక్క నల్లి కూడా దొరకలేదు. ఆ సాయంత్రమే తమ ఇంటికి రంగులు వేయిస్తున్నామంటూ ఒక కుటుంబం రెండు గదులు తీసుకుంది. వారం తిరిగేసరికి చదరంగం ఆటగాళ్ళు కూడా, కాస్త సిగ్గుపడుతూ, వెనక్కి వచ్చారు.

కెప్టెన్‌కీ పని పెరిగింది. మేనేజర్ సలహా మీద వ్యాన్ మీది అక్షరాల కింద ఇంకో వాక్యం చేరింది: 'మోతతో కావాలంటే మోతతో, మౌనంగా కావాలంటే మౌనంగా.' మౌనానికి తండ్రి వెళ్ళేవాడు. మోతకి కొడుకు వెళ్ళేవాడు. చిత్రమేమిటంటే, ఆ లావుపాటి ఆవిడ బాహాటంగా చెప్పడం మొదలుపెట్టాక మోత కావాలనేవాళ్ళే ఎక్కువయ్యారు. ఎవరింటికి కెప్టెన్ రాలేదో వాళ్ళింటికి ఏదో తక్కువైనట్టుండేది.

లాడ్జికి మాత్రం అతను ఏదో ఒక వంకతో వచ్చేవాడు. గెస్టులు నిండుగా ఉన్న ఒక మధ్యాహ్నం, వాన పడేలా ఉందని మేనేజర్ డాబా మీది దుప్పట్లన్నీ లాక్కొచ్చి సామాన్ల గదిలో గుట్టపోసింది. అప్పుడే కెప్టెన్ వచ్చాడు, మంచాల కోళ్ళు చెక్ చేద్దామని.

"నిన్ననే కదా చెక్ చేశారు?"

"అవునండీ. నిన్న బాగానే ఉన్నాయి."

"అయితే ఇది పట్టుకోండి," అని దుప్పటి రెండు కొసలు అతని చేతికిచ్చింది.

దుప్పటి మడవడమంటే తెలుసుగా. ఇద్దరూ చెరో వైపు నిలబడి బిగించాలి, విదిలించాలి, మధ్యకు మడవాలి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. మొదటి దుప్పటికి కెప్టెన్ కొసలు కలిపి, వెనక్కెళ్ళిపోయాడు. రెండోదానికి కొసలు కలిపి, కాసేపు ఆగి వెళ్ళాడు. మూడోదానికి వెళ్ళలేదు. ఆమె వేళ్ళూ అతని వేళ్ళూ ఒకే కొసని పట్టుకుని ఉన్నాయి. బయట వాన మొదలైంది.

"ఏదో చెప్పాలనుకుంటున్నట్టున్నారు," అంది మేనేజర్.

"అవునండీ."

"చెప్పండి."

అతను పెదవులు కదిపాడు. ఏమీ వినపడలేదు.

"ఊరందరికీ వినపడేలా మాట్లాడతారు కదా. నాకొక్కదానికి వినపడేలా మాట్లాడలేరా?"

"ఊరంతా ఉంటే భయం ఉండదండీ. ఊరు కాదంటే ఇంకో ఊరుంది." అతను దుప్పటి కొస ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "మీరు కాదంటే ఇంకెవరూ లేరు."

ఆమె దుప్పటి కొస వదల్లేదు. "కాదంటానని ఎవరన్నారు?"

"అంటే..."

"అంటే ఏమిటో అడిగేవాళ్ళు అడగాలి."

అతను చాలా మెల్లగా అడిగాడు. పెళ్ళి అనే మాట తప్ప మిగతాదంతా వాన చప్పుడులో కలిసిపోయింది. ఆ ఒక్క మాట చాలు. ఆమె తలూపింది. తర్వాత తలూపితే సరిపోదేమోనని, "సరే," అంది.

"నాకు వినపడింది లెండి!" గోడ అవతలనుంచి పెద్దమ్మ గొంతు వచ్చింది. "అన్నయ్యగారూ, మీకు వినపడిందా?"

"వినపడిందమ్మా," అంది కెప్టెన్ తండ్రి గొంతు, అక్కడినుంచే. "మా వాడు ఇంత మెల్లగా మాట్లాడగలడని నాకు ఇప్పుడే తెలిసింది. నాకు పూర్తిగా ఇష్టమే."

"నాన్నా! నువ్వెప్పుడొచ్చావ్?"

"నీకంటే ముందే వచ్చాన్రా. మీరిద్దరూ ఎప్పటికి తేలుస్తారో అని పెద్దమ్మగారూ నేనూ కాఫీ తాగుతూ కూర్చున్నాం."

"ఒసేయ్," అంది పెద్దమ్మ, "వాన వెలిశాక బయటికొచ్చి ఇద్దరూ ఆయనకి దణ్ణం పెట్టండి. తొందరేం లేదు. దుప్పట్లన్నీ అయ్యాకే రండి."

మేనేజర్ గుట్ట వైపు చూసింది. మడవాల్సినవి ఇంకా నడుమెత్తు ఉన్నాయి.

"చాలా ఉన్నాయండీ," అన్నాడు కెప్టెన్ సంతోషంగా.

"ఉన్నాయి," అని ఆమె తర్వాతి దుప్పటి కొసలు అందించింది.